మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటున్నవారి సపోర్ట్ గ్రూపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా గ్రూపుకు కొత్తగా వచ్చేవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకొచ్చే ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులు రాస్తున్న నేను డాక్టర్ని కాను. బైపోలార్‌కు (హుషారు, దిగులు రెండూ హద్దు దాటే జబ్బు) ఏళ్లుగా మందులు వాడుతూ, ఒక చిన్న ఊళ్లో ఇలాంటి గ్రూపు నడపడంలో ఓ చెయ్యి వేస్తున్నదాన్ని. అందుకే కొన్నిచోట్ల నా అభిప్రాయం కాస్త గట్టిగానే వినిపిస్తుంది.

సపోర్ట్ గ్రూపు అంటే కౌన్సెలింగేనా?

కాదు. కౌన్సెలింగ్‌లో ఒకరు ఆ చదువు చదివినవారు, ఇంకొకరు సాయం కోసం వెళ్లినవారు. గ్రూపులో ఆ తేడా ఉండదు. డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే, లేని అనుమానాలు పట్టే జబ్బు), ఓసీడీ (అదే ఆలోచన, అదే పని పదే పదే పట్టి పీడించడం), పానిక్ అటాక్‌లు, ఇలా ఏదో ఒకటి అనుభవించి ఎంతో కొంత తేరుకున్నవాళ్లే అందరూ. నడిపించే మనిషీ వాళ్లలో ఒకరే.

డాక్టరు దగ్గర మనకు దొరికేది కొద్ది నిమిషాలు. నిద్ర పడుతోందా, మాత్రలు వేసుకుంటున్నావా, గొంతులు వినిపించడం తగ్గిందా అని అడుగుతారు. అవి అడగాల్సినవే. కానీ "రాత్రి మాత్రకి పొద్దున ఎనిమిదింటికి కూడా లేవలేకపోతున్నాను, మా అత్తగారు బద్ధకం అంటోంది" అనే మాట ఆ గదిలో చెప్పడానికి టైముండదు. చెప్పినా "అలవాటవుతుంది" అంటారు. అదే మాట గ్రూపులో అంటే ఎదుటి కుర్చీలోంచి "మా ఇంట్లోనూ అదే గొడవ, నేనైతే డాక్టరుగారిని అడిగి మాత్ర వేసుకునే టైము ముందుకు జరిపించుకున్నాను" అని ఇంకొకామె అంటుంది. గ్రూపు నడిచేది ఈ సంభాషణల మీదే.

ఇదేదో ఈమధ్య వచ్చిన ఫ్యాషనా?

కాదు. 1790లలోనే పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో వార్డుల బాధ్యత చూసిన ప్యూసాన్, కోలుకున్న రోగుల్నే సేవకులుగా పెట్టుకున్నాడు. వాళ్లయితే రోగుల మీద చెయ్యి చేసుకోరని, ఓపిగ్గా ఉంటారని ఆయన అనుభవం. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ నడుస్తోంది. రాక్‌లాండ్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన కొందరు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ మెట్ల మీద కలుసుకునేవారు. ఆ కలయికల్లోంచే 1948లో ఫౌంటెన్ హౌస్ అనే కేంద్రం పుట్టింది. అక్కడ వాళ్లను రోగులని పిలవరు, సభ్యులంటారు. వంట, ఆఫీసు పని అన్నీ సభ్యులే సిబ్బందితో కలిసి చేస్తారు.

నాకు బాగా నచ్చేది నెదర్లాండ్స్ కథ. గొంతులు వినిపించే ప్యాట్సీ హాగ అనే పేషెంటు, తన డాక్టరు మారియస్ రోమ్‌తో పట్టుబట్టి వాదించింది: కనిపించని దేవుణ్ణి మీరు నమ్మగా లేనిది, నాకు నిజంగా వినిపించే గొంతుల్ని ఎందుకు నమ్మరు అని. ఇద్దరూ కలిసి టీవీలో మాట్లాడితే గొంతులు వినిపిస్తాయంటూ వందలమంది స్పందించారు. వాళ్లలో చాలామంది ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లకుండానే ఆ గొంతులతో బతుకు నెట్టుకొస్తున్నవాళ్లు. ఆ పరిచయాల నుంచి 1987లో సమావేశాలు మొదలై, తర్వాత ఎన్నో దేశాలకు పాకాయి.

మన దేశంలో గుజరాత్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2014 నుంచి రోగుల హక్కులను కాపాడి, సేవల్ని మెరుగుపరచడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన క్వాలిటీ రైట్స్ పద్ధతిని అమలు చేసినప్పుడు, ఒకప్పటి రోగులకే శిక్షణ ఇచ్చి తోటి రోగులకు సాయంగా పెట్టారు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటివి ఇంకా చాలా తక్కువ.

నిజంగా పనిచేస్తుందా, ఊరికే మాటలా?

అతిశయం లేకుండా చెప్తాను. ఇంగ్లండ్‌లో 441 మందితో జరిపిన ఒక అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తీవ్రమైన దశ దాటినవాళ్లలో సగంమందికి, అదే అనుభవం ఉన్న మనిషి తోడుతో తమ పరిస్థితిని తామే ఎలా చూసుకోవాలో నేర్పారు. మిగతావాళ్లకు పుస్తకం మాత్రమే ఇచ్చారు. ఏడాదిలోపు మళ్లీ అత్యవసర చికిత్స అవసరమైనవాళ్లు తోడు ఉన్నవారిలో 29 శాతం, లేనివారిలో 38 శాతం. అన్ని అధ్యయనాలూ ఇంత స్పష్టంగా లేవు. ఆసుపత్రి పాలు కావడం తగ్గుతుందని గట్టిగా చెప్పలేమని తేల్చినవీ ఉన్నాయి. ఎక్కువగా కనిపించేది ఆశ పెరగడం, నా జీవితం నా చేతిలో ఉందన్న నమ్మకం పెరగడం. అది చిన్న విషయం కాదు. అయితే గ్రూపుకు వెళ్తే జబ్బు నయమవుతుందని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

గ్రూపుకు వస్తే మందులు మానేయొచ్చా?

మానకూడదు. మందులు మార్చాలన్నా, తగ్గించాలన్నా ఆ మాట మీ డాక్టరుతోనే. మందుల విషయంలో మా గ్రూపులో ఉన్న గట్టి రూలు ఇదొక్కటే: ఎవరూ ఎవరి మాత్రల మోతాదు గురించీ తీర్పు చెప్పరు. "నాకు ఒలాంజపిన్ మాత్రతో పది కిలోల బరువు పెరిగింది" అనవచ్చు. "నువ్వు మానెయ్" అనకూడదు. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు మొదలు కావచ్చు. బైపోలార్‌కు వాడే లిథియం ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

కానీ మందుల గురించి మాట్లాడుకోవడం వల్ల మేలు కూడా ఉంది. లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో దాని స్థాయి ప్రమాదకరంగా పెరగవచ్చు. మన మే నెల ఎండల్లో, నీళ్లు కూడా ముట్టని ఉపవాసాల్లో, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇది గుర్తుండాలి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఆ స్థాయిని పెంచుతాయి. డాక్టరు ఒకసారి చెప్పి ఉండవచ్చు, ఆ రోజు మనకు బుర్రకెక్కి ఉండదు. గ్రూపులో పక్కనున్న మనిషి తన అనుభవం చెప్తే మర్చిపోం. విన్నది వెళ్లి డాక్టరునే అడగాలి.

మొదటిసారి వస్తే ఏం జరుగుతుంది? నేను మాట్లాడాలా?

మాట్లాడక్కర్లేదు. పేరు కూడా మీకు నచ్చినది చెప్పుకోవచ్చు. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. నడిపించే మనిషి రూల్సు చదువుతారు: ఇక్కడ విన్నది ఇక్కడే వదలాలి, ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, అడగకుండా సలహా ఇవ్వకూడదు, ఎవరి దేవుణ్ణీ ఎవరి కులాన్నీ మధ్యలోకి లాగకూడదు. మేం కలిసేది రెండు వారాలకోసారి కాబట్టి, ఆ తర్వాత ఒక్కొక్కరూ ఈ రెండు వారాలు ఎలా గడిచాయో చెప్తారు. వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. కొందరు నెలల తరబడి అదే మాట అంటూ వస్తారు. వాళ్లు కూడా గ్రూపుకు ఎంతో ఇస్తున్నారనే నేననుకుంటాను, ఎందుకంటే వినేవాళ్లుంటేనే మాట్లాడేవాళ్లకు ధైర్యం.

ఏడుపొస్తే ఏడవచ్చు. "ఊరుకోండి, ఊరుకోండి" అని ఎవరూ మీద పడరు. మనవాళ్లకు ఇది అలవాటు చేయడం కష్టం. ఎదుటి మనిషి కళ్లలో నీళ్లు చూడగానే మనకు చేతులు ఊరుకోవు.

టీ ఉంటుంది. అసలు మాటలు సగం టీ దగ్గరే జరుగుతాయి.

సలహా ఇవ్వకూడదంటే ఇంకెందుకు రావడం?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువగా వాదించేదీ దీని మీదే. మానసిక అనారోగ్యం వచ్చిన మనిషికి సలహాల కొరతేం ఉండదు. వాకింగ్‌కు వెళ్లు, యోగా చెయ్యి, గుడికెళ్లు, పెళ్లి చేసుకుంటే అదే పోతుంది, ఏం తక్కువైందని నీకు డిప్రెషన్? ఇన్ని సలహాలు విన్న మనిషి గ్రూపుకొస్తే, అక్కడా ఇంకో పది చెప్తే ఏం మిగిలింది?

ఒక ఉదాహరణ. ఒకతను అన్నాడనుకోండి: "మళ్లీ ఉద్యోగంలో చేరాలంటే భయంగా ఉంది. ఇంటర్వ్యూలో రెండేళ్ల గ్యాప్ గురించి అడుగుతారు." సలహా అయితే ఇలా వస్తుంది: "అన్నా, ఏదో కోర్సు చేశానని చెప్పెయ్." అనుభవం అయితే ఇలా ఉంటుంది: "నన్నూ అడిగారు. ఆరోగ్యం బాగాలేదు, ఇప్పుడు బాగుంది అని చెప్పాను. ఒక చోట తీసుకోలేదు, ఇంకో చోట తీసుకున్నారు. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు." మొదటిది విని అతను తల ఊపుతాడు. రెండోది విన్నాక "ఎలా చెప్పావు, ఏ మాటలు వాడావు?" అని తిరిగి అడుగుతాడు. తన నిర్ణయం తనే తీసుకుంటాడు. సొంత నిర్ణయాలు తీసుకునే అలవాటే జబ్బు సమయంలో అందరికంటే ముందు పోతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ దాన్ని తీసేసుకుంటారు.

అడిగితే చెప్పవచ్చు. అడిగినప్పుడు కూడా "నేనైతే ఇలా చేశాను" దగ్గర ఆపాలి.

నాకు ఈ జబ్బుందని బయట తెలిస్తే? చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు.

ఈ భయం లేనివాళ్లు మా దగ్గరికి ఒక్కరూ రాలేదు. హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు పేరెత్తితే చాలు నవ్వుతారు. ఆ ఆసుపత్రుల్లో వైద్యం పొంది సంసారాలు చేసుకుంటున్నవాళ్లు ఎంతమందో నవ్వేవాళ్లకు తెలియదు. "నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నా" అని చెప్పుకుని తిరిగే ఊళ్లు మనవి.

రెండు సంగతులు తెలుసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత మీకు వైద్యం చేసేవారి మీద ఉంది. తోటి సభ్యుల మీద అలాంటి చట్టపు బాధ్యత లేదు, ఉన్నది మాట మీద నమ్మకమే. కాబట్టి పూర్తి భరోసా ఎవరైనా ఇస్తే అది నిజం కాదు. చేయగలిగినవి చేస్తాం: ఫొటోలు తీయం, హాజరు పట్టీ పెట్టం, బయట ఎదురైతే మీరు పలకరిస్తేనే మేం పలకరిస్తాం. కొందరు సొంత ఊరి గ్రూపు వదిలి పక్క పట్నానికి బస్సెక్కి వెళ్తారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ ఇష్టం. గ్రూపుకు వచ్చినంత మాత్రాన అందరి ముందూ బయటపడాలన్న నియమం లేదు. ధైర్యంగా చెప్పుకునేవాళ్లను మెచ్చుకుంటూ, చెప్పుకోలేనివాళ్లను పిరికివాళ్లుగా చూసే ధోరణి కొన్నిచోట్ల కనిపిస్తుంది. నాకది నచ్చదు.

ఎవరైనా "చచ్చిపోవాలనిపిస్తోంది" అంటే గ్రూపు ఏం చేస్తుంది?

మాట మార్చం. నేరుగా అడుగుతాం: ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా, ఎలాగో అనుకున్నావా, ఈ రాత్రి ఒక్కడివే ఉంటావా? అడిగితే ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే చాలాసార్లు మనిషికి బరువు కాస్త దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలం. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిల్వ ఉన్న మాత్రలు వేరేవాళ్ల చేతికి చేర్పిస్తాం. పల్లెల్లో ఇది చాలా ముఖ్యం. వాళ్ల డాక్టరుకూ నమ్మకమైన మనిషికీ ఫోన్ చేస్తాం. గోప్యత రూలు ఇక్కడ పక్కకు జరుగుతుందని మొదటి రోజే చెప్తాం.

మానసిక సాయం కోసం ఫోన్ చేయాల్సిన టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 112, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీ. పోలీసు కేసవుతుందని వెనకాడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెప్తోంది.

వేరేవాళ్ల బాధలు విని నాకు ఎక్కువైతే?

అవుతుంది, కొన్నిసార్లు. లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడి రావచ్చు, ఒక విడత మానేయవచ్చు. గాయం చేసుకున్న వివరాలు, పద్ధతులు గ్రూపులో చెప్పనివ్వం. తీవ్రమైన దశలో ఉన్నప్పుడు గ్రూపు సరైన చోటు కాదు. నిద్రలేకుండా నాలుగు రోజులుగా మాట్లాడుతూనే ఉన్న మనిషికీ, తనను ఎవరో వెంటాడుతున్నారని వణికిపోతున్న మనిషికీ ముందు వైద్యం కావాలి. కుదుటపడ్డాక రావాలి.

మళ్లీ తిరగబెడితే గ్రూపు వల్ల ఉపయోగమేంటి?

రెండు వారాలకోసారి చూసే కళ్లు, రోజూ చూసే కళ్ల కంటే తేడాను త్వరగా పడతాయి. గొంతు పెరిగింది, మూడు గంటల నిద్రతోనే హుషారుగా ఉన్నావు, కొత్తగా ఏదో వ్యాపారం అంటున్నావు అని మాకు మేమే చెప్పుకుంటాం. బాగున్న రోజుల్లోనే ఒక కాగితం రాసుకోమంటాం: నాకు ఎక్కువయ్యేముందు కనిపించే గుర్తులు, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంచాలి.

దీనికి ఆ 2017 చట్టంలోనూ దారి ఉంది. 14వ సెక్షన్ ప్రకారం మీ తరఫున నిలబడే మనిషిని, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి మీరే ఎంచుకోవచ్చు. చుట్టమే కానక్కర్లేదు. మేజరై, ఆ బాధ్యత మోయగలిగి, తనూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. అన్నదమ్ములతో ఆస్తి గొడవలున్నవాళ్లకు, పుట్టింటికీ అత్తింటికీ మధ్య నలిగే ఆడవాళ్లకు ఈ ఒక్క సెక్షన్ ఎంత విలువైందో చెప్పలేను. ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే వీలు 5వ సెక్షన్‌లో ఉంది.

ఇంట్లోవాళ్లు కూర్చోవచ్చా?

వేరే గ్రూపులో. భర్త పక్కనుంటే భార్య నోరు విప్పదు, అమ్మ ఉంటే కొడుకు తల ఎత్తడు. ఇంట్లోవాళ్లకూ వాళ్ల కష్టం ఉంది, వాళ్లకూ తోటివాళ్లు కావాలి. తాగుడు సమస్య ఉన్న ఇళ్లవాళ్లకు అల్-అనాన్ ఉన్నట్టే.

ఆడవాళ్లకు వేరేగా ఉండాలా?

కలిసి ఉండే గ్రూపుతో పాటు ఆడవాళ్లకు విడిగా ఒకటి ఉంటే మంచిది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, ఇంట్లో దెబ్బలు, మందుల వల్ల నెలసరి తప్పడం, ఇవి మగవాళ్ల ముందు రావు.

మా ఊళ్లో ఏ గ్రూపూ లేదు. మొదలుపెట్టడం ఎలా?

ఇద్దరుంటే మొదలుపెట్టవచ్చు. మనకు గుండ్రంగా కూర్చుని కష్టం చెప్పుకోవడం తెలియనిదేం కాదు, డ్వాక్రా సంఘాలు చేసేది చాలావరకు అదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ల మాటల్లోంచే 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది. తేడా ఒకటే. డ్వాక్రాలో పుస్తకం, లెక్క ఉండాలి. ఇక్కడ రాత లేకపోవడమే మేలు.

చోటు ముందు చూడండి. ఎవరి ఇంట్లోనూ వద్దు, ఆ ఇంటి ఆడవాళ్ల మీద పని పడుతుంది, ఇరుగుపొరుగుకు అనుమానం వస్తుంది. లైబ్రరీ గది, ఆదివారం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ బాగుంటాయి. రోజు, టైము మార్చకండి. ఒక్కరే వచ్చినా నడపండి. ఊళ్లో ఉన్న సైకియాట్రిస్టుకు, లేదా జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసేవారికి ముందే చెప్పి ఉంచండి, అవసరమైన రోజున ఫోన్ చేయడానికి. నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరికి బాగాలేని వారం ఇంకొకరు చూసుకుంటారు. బాగాలేని వారాలు వస్తాయి.

వాట్సాప్ గ్రూపు సరిపోదా?

టైము చెప్పుకోవడానికి సరిపోతుంది. అర్ధరాత్రి ఒకరు "ఇక నా వల్ల కాదు" అని పెట్టి, తెల్లారేదాకా ఎవరూ చూడకపోతే ఆ బరువు అందరి మీదా పడుతుంది. పైగా స్క్రీన్‌షాట్‌లు. ఊరు దాటి రాలేనివాళ్ల కోసం వారానికోసారి వీడియో కాల్ పెట్టుకోవడం నయం.

డబ్బు కట్టాలా?

లేదు. టీకి పది రూపాయలు వేసుకుంటాం. వేలల్లో ఫీజు అడిగినా, మందులు మాన్పిస్తామన్నా, పౌడర్లో యంత్రాలో అమ్మినా అది సపోర్ట్ గ్రూపు కాదు.

పిల్లవాడు అమెరికాలో చదువుతున్నాడు, అక్కడ ఏం ఉన్నాయి?

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం పనిచేసే నామి అనే సంస్థ 1979 నుంచి ఉంది. కోలుకుంటున్నవాళ్లే నడిపే కనెక్షన్ గ్రూపులు ఆ సంస్థవే, ఉచితం. అత్యవసరానికి ఫోన్ నంబరు 988. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్తే వీసా పోతుందన్న పుకారు మనవాళ్లలో బాగా తిరుగుతుంది. సాయం అడిగినంత మాత్రాన వీసా రద్దు కాదు. అక్కడి తెలుగువాళ్ల మధ్య మాట బయటపడుతుందన్న భయం ఇక్కడికంటే తక్కువేం కాదు కాబట్టి, చాలామంది తెలుగువాళ్లు లేని గ్రూపునే ఎంచుకుంటారు. అమ్మానాన్నలకు ఇది బాధగా ఉంటుంది కానీ వెళ్లనివ్వండి.

కొన్నాళ్లు వచ్చి మానేస్తే ఏమనుకుంటారు?

ఏమీ అనుకోం. ఉద్యోగం దొరికి, పెళ్లయి, పిల్లలు పుట్టి రావడం తగ్గించినవాళ్లు మాలో చాలామంది. రెండు విడతలు వరుసగా రాకపోతే ఒక మెసేజ్ పెడతాం, అది కూడా మీరు ముందే ఒప్పుకుంటేనే. జవాబు ఇవ్వకపోతే మళ్లీ విసిగించం. మళ్లీ రావాలనిపిస్తే ముందుగా చెప్పక్కర్లేదు, అదే రోజు, అదే టైముకి వచ్చేయండి.